ఇటలీ స్పగెట్టి, విశాఖ రొయ్యలు

మా అమ్మాయి పై చదువుకు ఇటలీ వెళుతోందని ఖాయమైన నాటినుంచీ మావారు భోజనం దగ్గర మౌనవ్రతం పట్టారు. “అంత దూరమా?” అని వొక్కసారి అన్నారు, అంతే. ఆ తర్వాత పులుసులో ఉప్పు మరిచినా నోరు విప్పలేదు. ప్రయాణం నాలుగు రోజులుందనగా అమ్మాయి వచ్చి, “అమ్మా, ఆదివారం రాత్రి వంట నాది. అక్కడ నేనేం తింటానోనని గదా నాన్నగారి బెంగ! చేసి చూపిస్తాను” అంది.

స్పగెట్టి అంటే మన సేమ్యాకు పెద్దన్న అనుకోండి. డ్యూరం అనే గట్టి గోధుమ రవ్వతో చేస్తారు. నేపుల్స్ దగ్గర గ్రన్యానో అనే ఊరు దీనికి పెట్టింది పేరు. మనం వడియాలు పెట్టుకున్నట్లు, పూర్వం అక్కడ వీధుల్లోనే కర్రలమీద ఆరవేసేవారు.

నలుగురికి 400 గ్రాముల స్పగెట్టి, అరకిలో రొయ్యలు, నాలుగు పండిన టమాటాలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, రెండు ఎండుమిరపకాయలు, నాలుగు పెద్ద చెంచాల ఆలివ్ నూనె. రొయ్యలు మాత్రం పొట్టుతోనే కొనండి. చేపల రేవు దగ్గర వొలిచి ఇస్తామన్నా వద్దనండి. తలలూ పొట్టూ కడిగి, మునిగేటన్ని నీళ్లు పోసి ఇరవై నిమిషాలు మరిగించి వడగడితే వచ్చే రసంలోనే ఉంది రుచంతా. ఇన్నేళ్లుగా నేను దాన్ని పారబోస్తున్నందుకు ఇప్పుడు విచారిస్తున్నాను! రొయ్య వీపుమీద నల్లటి నరం తీయడం మీకు తెలిసిందే.

వెల్లుల్లి నూనెలో మాడకుండా వేగాక మిరపకాయలు, రొయ్యలు వేసింది. మూడు నిమిషాల్లో రొయ్యలు ఎర్రబడగానే తీసి పక్కన పెట్టింది. మనం కూరలో అరగంట ఉడికిస్తాం గదా, అందుకే అవి రబ్బరులా సాగుతాయట. నాకు కొంచెం కోపం వచ్చిందనుకోండి. అదే నూనెలో టమాటాలు మగ్గించింది.

రెండో పొయ్యిమీద నాలుగు లీటర్ల నీళ్లు, లీటరుకు చిన్న చెంచాడున్నర ఉప్పు. పొట్లం మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందే దించాలి. ఇక్కడే నేను అడ్డుపడ్డాను. సాయం చేద్దామని, గంజి వార్చినట్లు నీళ్లన్నీ వార్చేసి, చన్నీళ్లు పోయబోయాను. “అయ్యో అమ్మా! ఆ గంజే గదా నూనెనూ రసాన్నీ కలిపేది!” అని అమ్మాయి కళ్లనీళ్ల పర్యంతమైంది. చన్నీళ్ల చెంబు లాక్కుని, ఉడికీ ఉడకని స్పగెట్టిని టమాటాల్లో వేసి, రొయ్యల రసం గరిటె గరిటె పోస్తూ పెద్ద మంటమీద కుదిపింది. రెండు మూడు నిమిషాల్లో రసం చిక్కబడి పోగుపోగుకూ పట్టింది. రొయ్యలు, కొత్తిమీర కలిపి దించింది. చీజు తురమమంటారా? రొయ్యలూ చేపలూ ఉన్నవాటిమీద ఇటలీవాళ్లు సాధారణంగా చల్లుకోరట.

మావారు ఫోర్కు పక్కనపెట్టి చేత్తోనే కలుపుకున్నారు. నాలుగు ముద్దలయ్యాక తల ఎత్తకుండానే, “నువ్వు వెళ్లే ఊళ్లో సముద్రం ఉందా అమ్మాయీ?” అన్నారు.

“ఉంది నాన్నగారూ. మన ఊరిలాగే రేవు కూడా ఉంది. నేపుల్స్ అని ఎన్నిసార్లు చెప్పాను!”

“ఊఁ” అని మారు వడ్డించుకున్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి నన్ను అడిగారు: “దాని పెట్టెలో ఇంకా ఎంత బరువు పడుతుందట? ఆవకాయ పెట్టావా?”