చదువు ఆన్‌లైన్‌లో.. పని మాత్రం జనంలోనే!

‘ఇంట్లో కూర్చుని చేసే డిగ్రీ. రోజూ క్లాసులు ఉండవు. అయిపోగానే ఏదో ఒక ఎన్‌జీఓలో ఉద్యోగం.’ బ్యాచిలర్ ఆఫ్ సోషల్ వర్క్, అంటే బీఎస్‌డబ్ల్యూని దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో చదవాలనుకునేవారికి ఎక్కువగా వినిపించే మాటలివి. మొదటి రెండూ సగం నిజాలు. మూడోది నిజమవుతుందా లేదా అన్నది ఆ మూడేళ్లలో మీరు ఎంతమంది గడప తొక్కారు, ఎంతమంది మాట విన్నారు అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఈ డిగ్రీ పాఠాలను ఇంటి దగ్గర నుంచి చదవడంలో తప్పేం లేదు. ఫీల్డ్‌వర్క్‌ని కూడా ఇంట్లోంచే కానిచ్చేయాలనుకోవడం మాత్రం తప్పు. ఎందుకో చూద్దాం.

ముందు ఈ తేడా తెలుసుకోండి

మనం వాడుకలో అన్నిటినీ ‘ఆన్‌లైన్ డిగ్రీ’ అనేస్తాం. యూజీసీ లెక్కలో దూరవిద్య వేరు, ఆన్‌లైన్ వేరు. దూరవిద్యలో స్టడీ సెంటర్ ఉంటుంది, అక్కడ కౌన్సెలింగ్ తరగతులు ఉంటాయి. ఆన్‌లైన్‌లో బోధన మొత్తం ఇంటర్నెట్ మీదే నడుస్తుంది. మన దగ్గర బీఎస్‌డబ్ల్యూ అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చే ఇగ్నో కోర్సు దూరవిద్యదే. ఇంటర్ పాసైతే చాలు, చేరొచ్చు. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లలో పూర్తి చేయాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెడతారు, పాఠాలు ఈ-జ్ఞానకోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి. పరీక్షలు మాత్రం కేంద్రానికి వెళ్లి పెన్నుతో రాయాల్సిందే. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రాలున్నాయి.

‘దూరవిద్య డిగ్రీ చెల్లుతుందా?’ అన్నది రెండో అనుమానం. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం, గుర్తింపు ఉన్న కోర్సు అయితే చెల్లుతుంది. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం అలాంటి డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానం. 2022లో యూజీసీ ఈ సంగతిని మరోసారి ప్రకటించింది కూడా. అయితే ఆ ‘గుర్తింపు’ అన్న మాటను బ్రోషర్‌లో చదివి వదిలేయొద్దు. యూజీసీ దూరవిద్యా బ్యూరో వెబ్‌సైట్‌లో విశ్వవిద్యాలయం పేరు, కోర్సు పేరు, మీరు చేరబోయే ఏడాది.. ఈ మూడూ సరిచూసుకోండి. ఇప్పుడు దూరవిద్యలో చేరేవారు అక్కడే డెబ్ ఐడీ కూడా తీసుకోవాలి. ‘ఏడాదిలో మూడేళ్ల డిగ్రీ ఇప్పిస్తాం’ అని ఎవరైనా ఫోన్ చేస్తే ఇంకేం ఆలోచించక్కర్లేదు, పెట్టేయండి.

ఎంఎస్‌డబ్ల్యూకి ఏ డిగ్రీ అయినా చాలు కదా?

ఇది తెలివైన ప్రశ్న. మన విశ్వవిద్యాలయాలు చాలావాటిలో ఎంఎస్‌డబ్ల్యూకి ఏ డిగ్రీ ఉన్నా సరిపోతుంది. బీకాం చదివినవాళ్లూ, బీఎస్సీ చదివినవాళ్లూ ఆ సీట్లలో చేరుతున్నారు. అలాంటప్పుడు మూడేళ్లు బీఎస్‌డబ్ల్యూనే ఎందుకు చదవాలి?

దీనికి ఒకటే గట్టి జవాబు: ఫీల్డ్‌వర్క్. ఇరవై ఏళ్లు కూడా నిండకముందే ఒక సంస్థలో, ఒక సూపర్‌వైజర్ కింద, నిజమైన మనుషుల సమస్యలతో పనిచేసే అవకాశం మిగతా డిగ్రీల్లో దొరకడం అరుదు. బీఎస్‌డబ్ల్యూలో దొరుకుతుంది. ఆ పని ఎగ్గొట్టి పుస్తకాలు మాత్రం చదివితే మీ డిగ్రీకీ మామూలు బీఏకీ పెద్ద తేడా ఉండదు. పైగా బీఏలో దొరికే సబ్జెక్టుల ఎంపిక కూడా పోగొట్టుకున్నట్టే.

బయటి దేశాల్లోనూ ఈ విషయంలో రాజీ లేదు. అమెరికాలో సోషల్ వర్క్ విద్యకు గుర్తింపునిచ్చే కౌన్సిల్ ఆన్ సోషల్ వర్క్ ఎడ్యుకేషన్, డిగ్రీ స్థాయిలో కనీసం 400 గంటల ఫీల్డ్ శిక్షణ ఉండాలంటుంది. పాఠాలన్నీ ఆన్‌లైన్‌లోనే చెప్పే కాలేజీలకూ అదే లెక్క. పాఠం ఎక్కడి నుంచైనా వినొచ్చు కానీ, పని నేర్చుకోవాలంటే మనుషుల మధ్యకు వెళ్లాల్సిందేనని వాళ్లూ ఒప్పుకున్నారన్నమాట.

రెడీమేడ్ రిపోర్టులో లేనిదేంటి?

అసైన్‌మెంట్లు అమ్మే జిరాక్స్ సెంటర్లు, ఫీల్డ్‌వర్క్ రిపోర్టుల పీడీఎఫ్‌లు పంచుకునే గ్రూపులు మీకు తెలియనివి కావు. ఊరి పేరు, తేదీలు మార్చి ఇచ్చేస్తే మార్కులు కూడా రావొచ్చు. ఒక ఉదాహరణ తీసుకుని, అక్కడ ఏం పోతుందో చూద్దాం.

ఎనిమిదో తరగతి అమ్మాయి బడి మానేసింది. కాపీ రిపోర్టులో ఇలా ఉంటుంది: ‘పేదరికం, తల్లిదండ్రుల నిరక్షరాస్యత వల్ల బాలిక చదువు మానేసింది. కౌన్సెలింగ్ ఇచ్చాను. తిరిగి బడికి వెళుతోంది.’ మూడే వాక్యాలు. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఏ ఊరికైనా అతికిపోతాయి. అందుకే అవి ఏ ఊరికీ పనికిరావు.

నిజంగా ఆ ఇంటికి వెళితే ఏమవుతుంది? మొదటి రోజు మిమ్మల్ని సర్వే వాళ్లనుకుంటారు. ‘ఆధార్ జిరాక్స్ ఇవ్వాలా అమ్మా?’ అని అడుగుతారు. మీరు అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబిచ్చి లోపలికి వెళ్లిపోతారు. రెండోసారి వెళ్లినప్పుడు అరుగు మీద కూర్చున్న నాయనమ్మ మాట కలుపుతుంది. మూడోసారికి అసలు సంగతులు ఒక్కొక్కటే బయటికొస్తాయి. తల్లి మిరప కోతలకు పొద్దున్నే వెళ్లిపోతుంది. రెండున్నరేళ్ల తమ్ముణ్ని చూసుకునేది ఈ అమ్మాయే. హైస్కూల్ నాలుగు కిలోమీటర్ల దూరం, బస్సు టైము బడి టైముతో కలవదు. అంతకుమించి, దగ్గరి బంధువుల్లో ఓ సంబంధం మాట నడుస్తోంది.

ఇప్పుడు ‘పేదరికం’ అన్న ఒక్క మాట నాలుగు పనులైంది. తమ్ముణ్ని పగలు ఎక్కడ ఉంచాలో అంగన్‌వాడీ టీచర్‌తో మాట్లాడాలి. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో చేర్చే వీలుందేమో ఎంఈఓ ఆఫీసులో కనుక్కోవాలి. బస్సు సంగతి మీ ఒక్కరి వల్ల కాకపోవచ్చు, ఊళ్లో ఇంకెంతమంది పిల్లలకు అదే ఇబ్బంది ఉందో లెక్క తీసి అర్జీ పెట్టించొచ్చు. పెళ్లి మాట మాత్రం అన్నిటికంటే తొందరైనది. అమ్మాయికి 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయడం 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం కింద నేరం. 1098కి ఎప్పుడు చెప్పాలి, చెప్పాక ఆ కుటుంబంతో మాట ఎలా నిలుపుకోవాలి, అమ్మాయికి కొత్త ప్రమాదం రాకుండా ఏం చూసుకోవాలి? వీటికి పీడీఎఫ్‌లో జవాబు దొరకదు. పక్కనే అనుభవమున్న సూపర్‌వైజర్ ఉండాలి. మీరు తడబడాలి, అడగాలి, మళ్లీ వెళ్లాలి.

ఇంకో సంగతి. ఆ అమ్మాయితో సెల్ఫీ తీసుకుని స్టేటస్‌లో పెడితే మీకు లైకులొస్తాయి. రక్షణ అవసరమైన పిల్లలను గుర్తుపట్టేలా వివరాలు బయటపెట్టకూడదని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. సాయం చేయడమంటే ఫొటో దిగడం కాదని పుస్తకంలో చదవడం వేరు. పేరు రాయకుండా, ఇల్లు ఆనవాలు పట్టకుండా రిపోర్టు రాయడం చేత్తో నేర్చుకోవడం వేరు.

భాష సంగతీ ఉంది. పాఠాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి, మనుషులు తెలుగులో ఏడుస్తారు. నాయనమ్మ చెప్పిన మాటను దాని బరువు పోకుండా ఆఫీసు ఇంగ్లిష్‌లోకి తేవడం ఈ వృత్తిలో చాలా పెద్ద నైపుణ్యం. ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలబెట్టేది కూడా అదే. ‘మీరు చూసిన ఒక కేసు చెప్పండి’ అని అడిగితే కాపీ కొట్టినవాళ్లు రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

జీతం గురించి దాపరికం వద్దు

సేవ మాటలు చెప్పి జీతం మాట దాటేయడం ఈ రంగంలో మామూలే. మీరు ఉద్యోగం కోసం చూస్తున్నారు కాబట్టి అంకెలు తెలియాలి. జిల్లా బాలల సంరక్షణ విభాగాల్లో సోషల్ వర్కర్ పోస్టు ఉంటుంది. దానికి డిగ్రీ కావాలి, సోషల్ వర్క్, సోషియాలజీ లాంటివి చదివినవారికి ప్రాధాన్యం. మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో దీనికి నెలకు రూ.18,536 అని ఉంది. ఔట్‌రీచ్ వర్కర్‌కు రూ.10,592. ఇవి కాంట్రాక్టు పోస్టులు. ఈ డబ్బుతో ఇల్లు గడుస్తుందా అన్నది చేరాక కాదు, చేరకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

కొన్ని తలుపులు ఈ డిగ్రీతో తెరుచుకోవు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే సోషల్ వర్క్‌లో పీజీ, ఆపైన రెండేళ్ల పూర్తికాల ఎంఫిల్ ఉండాలి. ఆసుపత్రుల్లో పనిచేసే మెడికల్ సోషల్ వర్కర్లను 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం షెడ్యూల్‌లో చేర్చారు. 2025లో యూజీసీ సైకాలజీ లాంటి కోర్సులను దూరవిద్య, ఆన్‌లైన్ విధానాల నుంచి తప్పించింది కూడా ఆ చట్టం పరిధిలోకి వస్తాయనే. కాబట్టి ఆసుపత్రి వైపు వెళ్లాలన్న ఆలోచన ఉంటే పీజీని రెగ్యులర్‌గా చదివేలా ఇప్పుడే లెక్క వేసుకోవడం మేలు.

తెరుచుకునే తలుపులూ ఉన్నాయి. ఏ డిగ్రీ అయినా సరిపోయే గ్రూప్-2, సివిల్స్ లాంటి పరీక్షలన్నీ మీవే. బీఎస్‌డబ్ల్యూలో చదివే సంక్షేమ చట్టాలు, సామాజిక సమస్యలు ఆ సిలబస్‌లకు దగ్గరగానే ఉంటాయి. పీజీకి వెళితే టిస్, ఆంధ్ర విశ్వవిద్యాలయం, కాకతీయ, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం లాంటి చోట్ల మూడేళ్ల ఫీల్డ్ అనుభవం ఉన్న విద్యార్థిగా అడుగుపెడతారు. నన్నడిగితే బీఎస్‌డబ్ల్యూని చివరి మెట్టుగా కాదు, మొదటి మెట్టుగా చూడాలి.

ఎవరికి సరిపోతుంది? ఎవరికి వద్దు?

‘సోషల్ వర్క్‌ని దూరవిద్యలో నేర్పడమే తప్పు, కాలేజీకి వెళ్లి చదవాల్సిందే’ అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. రోజూ తోటి విద్యార్థులతో వాదించుకోవడం, లెక్చరర్ ముందు రిపోర్టు చదివి చివాట్లు తినడం వల్ల వచ్చే పదును వేరు. కానీ ఎంతమందికి దగ్గర్లో బీఎస్‌డబ్ల్యూ కాలేజీ ఉంది? పగలు పనికెళ్లి ఇల్లు నడిపే కుర్రాడు, పెళ్లయి పిల్లలున్న యువతి, ఊరు దాటి హాస్టల్‌కి పంపని ఇంట్లో అమ్మాయి.. వీళ్లకు దూరవిద్య కాకపోతే అసలు చదువే లేదు. పైగా పొదుపు సంఘాల్లో లెక్కలు రాసేవారికి, ఆశా కార్యకర్తలకు, స్వచ్ఛంద సంస్థల్లో చిన్న ఉద్యోగాలు చేస్తున్నవారికి ఊరు ముందే తెలుసు. వాళ్లకు కావాల్సింది ఆ తెలిసినదానికి ఒక పద్ధతి, ఒక పట్టా. కాలేజీ విద్యార్థికి ఏడాది పట్టే పరిచయం వాళ్ల చేతిలో ఇప్పటికే ఉంది. ఈ డిగ్రీ అందరికంటే ఎక్కువగా వాళ్లదే.

‘ఏదో ఒక డిగ్రీ ఉండాలి, ఇదైతే తేలిగ్గా అయిపోతుంది’ అనుకునేవారికి మాత్రం ఇది వద్దు. మీకు బీఏ, బీకాం ఉన్నాయి. అక్కడ మీరు చదవకపోతే నష్టం మీ ఒక్కరికే. ఇక్కడ పని నేర్చుకోకుండా పట్టా తెచ్చుకుని రేపు ఒక కుర్చీలో కూర్చుంటే, నష్టపోయేది మీ ఎదురుగా వచ్చి నిలబడిన ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి.

డాక్టరుకో లాయరుకో ఉన్నట్టు మన దేశంలో సోషల్ వర్క్ వృత్తి మొత్తానికీ ఒక చట్టబద్ధమైన జాతీయ మండలి లేదు. చాలా పోస్టుల్లో మీ లైసెన్సు అడిగేవాళ్లుండరు. కాబట్టి మీ పని నాణ్యతకు కాపలా మీరే.

ఫీజు కట్టేముందు

స్టడీ సెంటర్‌కి ఒకసారి స్వయంగా వెళ్లండి. నాలుగు ప్రశ్నలు అడగండి. ఫీల్డ్‌వర్క్ ఏ సంస్థల్లో చేయాలి, వాటిని ఎవరు చూపిస్తారు? సూపర్‌వైజర్ ఎవరు, నెలకు ఎన్నిసార్లు కలుస్తారు? నేను ఇప్పటికే పనిచేస్తున్న చోట ఫీల్డ్‌వర్క్ చేస్తే ఒప్పుకుంటారా? కిందటి బ్యాచ్ విద్యార్థులు ఒకరిద్దరితో మాట్లాడించగలరా? మూడో ప్రశ్నకు జవాబు కాగితం మీద తీసుకోండి. మొదటి రెండింటికీ ‘అదంతా తర్వాత చూద్దాం లెండి’ అన్నారంటే వేరే సెంటర్ వెతుక్కోండి.

ఆపై ఈ ఆదివారం మీ ఊళ్లోనో వార్డులోనో పింఛను ఆగిపోయిన ఒక్కరి ఇంటికి వెళ్లండి. ఎందుకు ఆగిందో పూర్తిగా వినండి. మధ్యలో సలహా ఇవ్వకుండా, ఫోన్ చూడకుండా అరగంట వినగలిగితే, బయటికొచ్చాక దాన్ని పది వాక్యాల్లో రాయగలిగితే, రేపు సచివాలయంలోనో మండలాఫీసులోనో దాని సంగతి కనుక్కోవాలని మీకే అనిపిస్తే.. దరఖాస్తు నింపండి. ఈ చదువు మీదే.