నీడలు నేర్పే గురువులు



కిందటి నెలలో ఒక ఆదివారం, మా గూడూరులో ఏడో తరగతి చదివే అబ్బాయి ఒకడు బొమ్మ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అది వాళ్ళ అమ్మమ్మ బొమ్మ. ముక్కు, కళ్ళు, చెవికమ్మలు అన్నీ చక్కగా కుదిరినవి. కాని బుగ్గలకూ గడ్డానికీ నీడ వెయ్యబోయి, పెన్సిలు రుద్ది, వేలితో అలికేశాడు.

"మాస్టారూ, అమ్మమ్మ ముఖానికి మసి పూసినట్టున్నది. నీడలు వెయ్యటం ఏ చిత్రకారుణ్ణి చూచి నేర్చుకోవాలి? చూచి గీస్తే కాపీ అంటారేమో?" అని అడిగాడు.

ఆ చివరి మాట నాకు ముల్లులా గుచ్చుకున్నది. నేను బడిలో పనిచేసే రోజుల్లో ఒక పిల్లవాడు పత్రికలోని బొమ్మ చూచి గీస్తుంటే, "పరీక్షలో కాపీ కొట్టడం లాంటిదే ఇది!" అని మందలించాను. వాడు పుస్తకం మూసేశాడు. మళ్ళీ ఎన్నడూ నాకు బొమ్మ చూపలేదు. తప్పు నాదే. దస్తూరి కుదరటానికి పై వరస చూచి దిద్దమంటాం గదా! బొమ్మలకు మాత్రం అది ఎందుకు కూడదు?

అందుచేత ఆ అబ్బాయికి ఈసారి సరిగా జవాబు చెప్పాను. అదే మీకూ చెబుతాను.

గురువును వెదికే ముందు, ఆయనను అడగవలసిన ప్రశ్న తెలియాలి. ఆ ప్రశ్న ఇది: "వెలుగు ఎటునుంచి వస్తున్నది?"

రాత్రివేళ బల్లమీద తెల్లగుడ్డ పరిచి, దానిమీద ఒక కోడిగుడ్డు గాని, గుండ్రంగా చేసిన పిండిముద్ద గాని పెట్టండి. ఒక పక్కన ఒకే దీపం వుంచి, మిగతావి ఆర్పెయ్యండి. దీపంవైపు ఒకచోట బాగా మెరుస్తుంది. అక్కడినుంచి వెలుగు క్రమంగా తగ్గుతూ పోయి, ఒకచోట చీకటి పట్టీ కనిపిస్తుంది. ఆ పట్టీ అంచుదాకా వుంటుందనుకుంటున్నారా? వుండదు! అంచు దగ్గర మళ్ళీ కాస్త తెలుపు తేలుతుంది. దీపపు వెలుగు తెల్లగుడ్డ మీద పడి, తిరిగి ముద్దను తాకటమే దీనికి కారణం. ఇటలీ దేశపు లియొనార్డో డావిన్చి (1452-1519) ఇలా తిరిగివచ్చే వెలుగును శ్రద్ధగా పరిశీలించి తన నోటుపుస్తకాలలో రాసుకున్నాడు.

మన అబ్బాయి చేసిన పొరపాటు ఇక్కడే వున్నది. నీడ అంటే నలుపే అనుకుని, గడ్డం అంచుదాకా నల్లగా రుద్దేశాడు.

ఇక గురువుల సంగతి. మొదట పాత "చందమామ" సంచికలు వెదకండి. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక ఇప్పుడు రావటం లేదు గాని, చాలా ఇళ్ళలో పాత సంచికలు దాచుకున్నారు. అందులో బేతాళ కథలకు బొమ్మలు వేసిన శంకర్ గారు (1924-2020) 1952లో ఆ పత్రికలో చేరారు. భుజాన శవంతో, చేత కత్తితో శ్మశానంలో నడిచే విక్రమార్కుణ్ణి చూడండి. కలంలోని సిరా ఒకే నలుపు. మరి బూడిదరంగు ఎక్కడినుంచి వస్తుంది? గీతలు దగ్గరగా వుంటే నీడ, ఎడంగా వుంటే వెలుగు! మన కన్నే ఆ రెంటినీ కలుపుకుంటుంది. దినపత్రికలోని ఫొటోను భూతద్దంతో చూడండి. అది కూడా చిన్న చిన్న చుక్కల గుంపే.

తరవాత, నరసాపురంలో పుట్టిన బాపు గారి (1933-2014) బొమ్మలు చూడండి. ఆయన బొమ్మల్లో నీడ బహుతక్కువ. ఎంతో పని ఒక్క గీతతోనే జరిగిపోతుంది. ఎక్కడ నీడ అక్కరలేదో ఆయన దగ్గర నేర్చుకోవాలి.

మెత్తని నీడలకు దామెర్ల రామారావు గారిని మించిన గురువు మనకు దగ్గరలో లేడు. ఆయన 1897లో రాజమండ్రిలో పుట్టాడు. అక్కడి కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ఈయన ప్రతిభ గుర్తించి ప్రోత్సహించాడు. రామారావు గారు బొంబాయిలోని జె.జె. కళాశాలలో చిత్రకళ నేర్చి వచ్చాడు. 1925లో, 28 ఏళ్ళయినా నిండకుండానే మశూచితో పోయాడు. రాజమండ్రిలో ఆయన పేరిట వున్న చిత్రశాలలో రంగుల బొమ్మలే గాక పెన్సిలు స్కెచ్చులు కూడా వున్నవి. పెద్దవాళ్ళు గోదావరి స్నానానికి వెళ్ళినప్పుడు మిమ్మల్ని అక్కడికి తీసుకువెళ్ళమనండి. రంగుల బొమ్మల దగ్గరే ఆగిపోక, స్కెచ్చుల దగ్గర ఎక్కువసేపు నిలబడండి. పెన్సిలు ఎక్కడ నొక్కారో, ఎక్కడ తేల్చారో కనిపిస్తుంది.

చివరివాడు హాలెండు దేశపు రెంబ్రాంట్ (1606-1669). ఆ కాలంలోనే ఆ దేశపు వర్తకులు మన బందరులో కోఠీ పెట్టుకున్నారు. మనవాళ్ళు వాళ్ళను వలందులు అనేవారు. వలందపాలెం పేరు ఇప్పటికీ వున్నది కదూ? రెంబ్రాంట్ రాగిరేకుల మీద సన్నని సూదితో గీసి అచ్చువేసిన బొమ్మల్లో, అడ్డంగా నిలువుగా అల్లుకున్న గీతలు గాఢమైన చీకటిని పుట్టిస్తవి. అంతటివాడు ఏం చేశాడో తెలుసా? మన దేశపు మొగలు చిత్రాలను ముందుంచుకుని, చూచి గీశాడు! అలాంటివి ఇరవైకి పైగా ఇప్పటికీ వున్నవి. అప్పటికి ఆయనకు యాభై ఏళ్ళు. చూచి గీయటం తప్పయితే ఆయనను కూడా బెంచీ ఎక్కించవలసిందే!

అయితే ఒక నియమం వున్నది. చూచి గీసిన బొమ్మ కింద మొదట ఆ చిత్రకారుడి పేరు రాయండి. దాని కింద మీ పేరు రాయండి. పేరు దాచినప్పుడే అది దొంగతనమవుతుంది. ఒకే బొమ్మను మూడుసార్లు గీయండి. నాలుగోసారి పత్రిక మూసి, ఎదురుగా వున్న కుండనో, తాతగారి ముఖాన్నో చూచి గీయండి. గురువు నేర్పినది అప్పుడు తేలుతుంది.

మొన్న ఆదివారం ఆ అబ్బాయి మళ్ళీ వచ్చాడు. ఈసారి అమ్మమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టి గీశాడట. గడ్డం కింద సన్నగా తెలుపు వదిలాడు.

"ఇదేమిట్రా?" అన్నాను, తెలియనట్టు.

"అమ్మమ్మ తెల్లచీరె కట్టుకున్నది మాస్టారూ! ఆ వెలుగే పైకి వచ్చింది!" అన్నాడు వాడు.

నాకు ఎప్పుడో పుస్తకం మూసేసిన ఆ పిల్లవాడు గుర్తుకు వచ్చాడు. ఇప్పుడు వాడికి పిల్లలుంటారు. ఈ పేజీ వాళ్ళు చదివితే, బొమ్మ గీసి ముందు వాళ్ళ నాన్నకు చూపించాలని నా కోరిక.