నషా దిగింది, ఖౌఫ్ దిగలేదు

ముందే చెప్పేస్తాను, లేకపోతే సగం మంది ఇక్కడే చదవడం ఆపేస్తారు. నషా హరామ్. ఎల్‌ఎస్‌డీ అయినా, కొడైకనాల్ పుట్టగొడుగులైనా, ఎండీఎంఏ గోలీ అయినా. దాని మీద నాకు బహస్ లేదు. నా బహస్ అంతా ఆ మర్నాటి గురించి. పిల్లవాడు తీసుకున్నాడు. గునాహ్ జరిగిపోయింది. నషా దిగిపోయింది కానీ చూసిన దృశ్యాలు దిమాగ్‌లోంచి పోవడం లేదు. వాడిప్పుడు ఎవరి దగ్గరికి పోవాలి? పోలీసు దగ్గరికా, ఆమిల్ దగ్గరికా, ఎర్రగడ్డకా?

పడమటి దేశాల్లో ఈ సవాల్‌కు ఒక జవాబు తయారవుతోంది. పేరు ఇంటిగ్రేషన్ థెరపీ. సైకడెలిక్ మందు తీసుకున్న మనిషితో, హోష్‌లోకి వచ్చాక, శిక్షణ ఉన్నవాళ్లు కూర్చుని మాట్లాడతారు. ఏం చూశావు, ఎక్కడ భయమేసింది, దానికీ నీ జిందగీకీ ఏం తాల్లుక్ అని అడుగుతారు. మాత్ర ఇవ్వడం ఇందులో భాగం కాదు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 2020లో జనం ఓటేసి సిలోసైబిన్‌కు చట్టపరమైన దారి తెరిచారు. అక్కడ పద్ధతి మూడు మెట్లు: ముందు తయారీ, తర్వాత సేవనం, ఆ తర్వాత ఈ ఇంటిగ్రేషన్. ఆస్ట్రేలియా 2023 జూలై నుంచి కొందరు సైకియాట్రిస్టులకు ఈ మందులు రాసే ఇజాజత్ ఇచ్చింది. అదే అమెరికాలో కేంద్ర ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ మాత్రం 2024 ఆగస్టులో ఎండీఎంఏ చికిత్సను ఒప్పుకోలేదు. అంటే అక్కడా అంతా తేలిపోలేదు.

ఈ మాటల సెషన్ ఎందుకు అవసరమో ఒక ప్రయోగం చూస్తే అర్థమవుతుంది. 2006లో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో రోలండ్ గ్రిఫిత్స్ బృందం 36 మందికి సిలోసైబిన్ ఇచ్చింది. దాదాపు మూడింట రెండొంతుల మంది, తమ జిందగీలోని అతి ముఖ్యమైన రూహానీ అనుభవాల్లో ఇదొకటి అన్నారు. అఖ్‌బార్లన్నీ ఈ మాటే ఎత్తి రాశాయి. అదే ప్రయోగంలో మూడో వంతు మంది గట్టిగా భయపడ్డారు. ఈ రెండో మాట ఎవరికీ గుర్తులేదు. వాళ్లను ముందే పరీక్షించి, గంటల తరబడి మాట్లాడి, పక్కన మనిషిని కూర్చోబెట్టి ఇచ్చినా అంత ఖౌఫ్. మరి గోవాలో ఏదో పార్టీలో, దోస్తు చేతిలోంచి ఒక చిన్న కాగితం ముక్క నాలుక మీద పెట్టుకున్నవాడి హాల్ ఏంటి?

హాల్ అన్నాను కదా, ఆ మాట దగ్గర కాస్త ఆగుదాం. మన సూఫీల దగ్గర హాల్ అంటే వచ్చిపోయే స్థితి, మఖామ్ అంటే సాధనతో నిలబడే చోటు. మురీద్‌కు ఏదైనా కనిపిస్తే బజారులో చెప్పుకోడు, ముర్షిద్ దగ్గర చెప్పుకుంటాడు. బాయజీద్ బిస్తామీ పేరుతో సుక్ర్, అంటే మైకం. జునైద్ బగ్దాదీ పేరుతో సహ్వ్, అంటే తేరుకున్న తెలివి. పెద్దలు ఎక్కువ మంది జునైద్ వైపే నిలబడ్డారు. జిక్ర్‌నూ ఎల్‌ఎస్‌డీనీ ఒకే తక్కెడలో తూచమని నేననడం లేదు. ఆ పోలిక పెట్టి పుట్టగొడుగులు అమ్ముకునే ‘గురువులు’ నాకు నచ్చరు. నేనంటున్నది ఇంతే: దిల్‌లో పెద్ద తుఫాను లేచినవాణ్ని ఒంటరిగా వదలకూడదన్న తమీజ్ మన ఇంట్లో ఎప్పటినుంచో ఉంది.

ఇమామ్ గజాలీ సంగతి తెలిసినవాళ్లకు ఇంకా బాగా అర్థమవుతుంది. 1095లో, బగ్దాద్ నిజామియా మదర్సాలో అంత పెద్ద ఉస్తాద్‌గా ఉన్న మనిషికి పాఠం చెప్పబోతే నోట మాట రాలేదు. తిండి దిగలేదు. హకీములు చూసి, ఇది దిల్ నుంచి ఒంట్లోకి దిగిన జబ్బు, ముందు ఆ గమ్ తీరాలి అన్నారని ఆయనే రాసుకున్నారు. ఆ హకీముల్లో ఒక్కడూ జిన్ పట్టిందనలేదు.

మన దగ్గర ఏం జరుగుతోంది? తెలిసిన ఆపా ఒకామె ఫోన్ చేసింది. (వాళ్ల ఇజాజత్‌తోనే, గుర్తులు మార్చి రాస్తున్నాను.) కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. “భాయ్, మావాడు సరిగ్గ నిద్రపోతలేడు. అబ్బా వచ్చి పిలిచిండంటున్నడు. అబ్బా పోయి నాలుగేండ్లాయె!” కోవిడ్ రోజుల్లో పోయాడు ఆ తండ్రి. కొడుకు జనాజాకు చేరలేకపోయాడు, ముఖం చూడలేదు. ఇంట్లోవాళ్లు ముందు ఆమిల్ దగ్గరికి తీసుకుపోయారు. మూడు జుమేరాత్‌లు, తావీజ్, పదకొండు వేలు. అబ్బాయికి ఖౌఫ్ రెట్టింపైంది, ఎందుకంటే ఇప్పుడు వాడి లెక్కలో జిన్ కూడా చేరింది. చివరికి ఒక సైకియాట్రిస్టు చూసి, పిచ్చి లక్షణాలు లేవని తేల్చుకుని, నిద్రకు కొన్నాళ్లు మందిచ్చి సైకాలజిస్టు దగ్గరికి పంపాడు. ఆమె, అబ్బా నిజంగా వచ్చాడా లేదా అన్న పంచాయితీ పెట్టలేదు. అబ్బాతో చెప్పకుండా మిగిలిపోయిందేమిటని అడిగింది. వాడు మొదటిసారి గట్టిగా ఏడ్చింది అక్కడేనట.

అందరి కథా ఇలా మాటలతో తేలదు. రోజుల తరబడి నిద్ర లేకపోయినా, ఎవరో చెవిలో మాట్లాడుతున్నారన్నా, తనకేదో ఖాస్ పని అప్పజెప్పారన్నా, చచ్చిపోతానన్నా అది కౌన్సెలింగ్ వేళ కాదు. వెంటనే ఆస్పత్రి. ఖాందాన్‌లో స్కిజోఫ్రీనియా, బైపోలార్ ఉన్నవాళ్లను ఈ ప్రయోగాల్లోకి సాధారణంగా తీసుకోరే తీసుకోరు. మన పిల్లలకు ఖాందాన్‌లో ఏ జబ్బుందో తెలియనే తెలియదు, ఎందుకంటే ఫలానా చాచాకు ‘కాస్త తిక్క’ అని చెప్పి మనం దాచేస్తాం. రిష్తాలు పోతాయని.

ఇంకో ఖత్రా, ఇంటిగ్రేషన్ కోచ్ అనే బోర్డు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరైనా పెట్టుకోవచ్చు. డిగ్రీ ఏదని అడగండి. మళ్లీ ఒక డోసు తీసుకుంటే తేలిపోతుందనేవాడి దగ్గరినుంచి లేచి వచ్చేయండి. చూసినదానికి తన మజ్‌హబ్ అర్థమో, తన ఫల్సఫానో అంటగట్టేవాడి దగ్గరినుంచి కూడా. పెద్ద పేరున్న ప్రయోగాల్లోనే థెరపిస్టులు బాధితురాలి మీద హద్దు దాటిన సంగతి బయటపడింది. కొన్ని వారాల పాటు నౌకరీ వదిలేయడం, తలాఖ్, ఆస్తి అమ్మకం లాంటి పెద్ద ఫైసలాలు వద్దు. మైకంలో కనబడిన పాత సంగతి నిజంగా జరిగిందే అని ఎవరి మీదా ఇల్జామ్ వేయొద్దు. ఇవి మంచి థెరపిస్టులు మొదటి రోజే చెప్పే మాటలు.

డాక్టర్‌కు చెబితే పోలీసులకు తెలుస్తుందన్న భయం చాలామందికి ఉంది. చట్టం కఠినమే, అబద్ధం చెప్పను. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద ఎల్‌ఎస్‌డీ 0.1 గ్రాము దాటితే చాలు, వాణిజ్య పరిమాణం. కనీసం పదేళ్ల జైలు. అయితే ఇలాజ్ కోసం వచ్చిన మనిషి మాటను గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. ప్రాణాపాయం లాంటి కొన్ని మినహాయింపులున్నా, తీసుకున్నానని చెప్పి మష్వరా అడగడం వేరు, జేబులో సరుకుతో దొరకడం వేరు. టెలీ మానస్ నంబరు 14416, ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇమామ్ సాబ్‌లు కూడా ఇందులో ఉండాలని నా పట్టు. పిల్లవాడు తౌబా కోసం మొదట వచ్చేది వాళ్ల దగ్గరికే. తౌబా చేయించి, ఐబ్ దాచి, అదే సాయంత్రం డాక్టర్ దగ్గరికి పంపగలిగితే ఆ మూడు జుమేరాత్‌లు మిగులుతాయి. మా మొహల్లా మస్జిద్ కమిటీకి ఈ మాట కాగితం మీద రాసి ఇచ్చాను. జుమ్మా బయాన్‌లో ‘డ్రగ్స్’ అన్న మాట ఎత్తితే మొహల్లాకు బద్‌నామీ వస్తుందేమోనని చూస్తున్నారట. రెండు నెలలైంది, ఇంకా చూస్తూనే ఉన్నారు.