పంపు ఉంది గాని బిగించలేదు



కృష్ణ నిండుగా ఉన్న రోజుల్లో ఒకసారి మేము అచ్చంపేట నుంచి కొల్లాపూర్ మీదుగా సోమశిల చేరి, అవతలి ఒడ్డున ఒక కుటుంబాన్ని పరామర్శించడానికి మరపడవ ఎక్కాము. పడవ అడుగున చేరే నీటిని తోడే చిన్న బ్యాటరీ పంపును మా సంఘస్థులే చందా వేసి కొనిచ్చారు. అందుకే నిశ్చింతగా కూర్చున్నాము.

సగం దూరం పోయేసరికి పాదాలు తడిశాయి. పంపు శబ్దం వస్తోంది గాని పైపులో నీరు రావడం లేదు. పలక ఎత్తి చూస్తే, ఇంజను అదురుకు పంపు పక్కకు ఒరిగి గాలి పీలుస్తోంది.

"బిగించలేదా తమ్ముడూ?" అన్నాము.

"అడుగున రంధ్రం వేయాలంటే భయమైంది అయ్యగారూ. ఊరికే పెట్టిన" అన్నాడు పడవ నడిపే తమ్ముడు.

నూనె డబ్బాతో నీళ్లు తోడుకుంటూ ఒడ్డు చేరాము. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి ఎందరో ప్రాణాలు కోల్పోయింది ఈ నదిలోనే.

అతని భయం సబబే. పడవ అడుగుకు రంధ్రం వేయనే కూడదు. తెలిసిన మెకానిక్ చేత తరువాత ఇలా చేయించాము. నీరు చేరే అన్నిటికన్నా పల్లపు చోటు శుభ్రం చేసి, ఆరబెట్టి, ఒక చెక్క దిమ్మను గట్టి జిగురుతో అతికించాడు. పంపు అడుగు జల్లెడను తుప్పు పట్టని పొట్టి మరలతో ఆ దిమ్మకే బిగించాడు. మర కొన దిమ్మ దాటి పోకూడదు. చెత్త అడ్డుపడితే పంపును ఊడదీసి కడగవచ్చు. పైపుకు రెండు క్లిప్పులు వేశాడు. బయటి నీరు వెనక్కి రాకుండా పైపును ఎత్తుగా వంచి, దాని మూతిని నీటిమట్టానికి బాగా పైన పెట్టాడు. వైర్ల అతుకులు తడి తగలని ఎత్తులో కట్టి, ఫ్యూజు వేశాడు. చివరికి నాలుగు బిందెల నీళ్లు పోసి పరీక్షించాడు. డబ్బా మాత్రం పడవలోనే ఉంచమన్నాడు.

ప్రియులారా, తప్పు ఆ తమ్ముడిది కాదు, మాది. డబ్బు ఇచ్చాము, ఫొటో దిగాము, ఎవరు బిగిస్తారని అడగలేదు. మంచి సమరయుడు గాయాలు కట్టి అక్కడే వదిలి వెళ్లలేదు గదా! విధవరాలికి కుట్టుమిషను ఇచ్చినవారు దారం ఎక్కించడం నేర్పేదాకా ఉన్నారా? ఈ నెల మీరెవరికైనా ఒక వస్తువు ఇస్తే, అది పని చేయడం కళ్లారా చూసి రండి.