నలభై దాటాక ఇన్సులిన్

మధుమేహమనగానే మన మనస్సులో రెండు చిత్రాలు మెదలుతాయి. ఒకటి, ఇన్సులిన్ సూదితోనే పెరిగి పెద్దయ్యే పసివాడిది. రెండవది, నడివయస్సులో ఒళ్లు చేసి, మాత్రలు మింగుతూ తీపికి దూరంగా ఉండే గృహస్థుది. ఈ రెండు చిత్రాలలోనూ ఇమడని మూడవవారు కొందరున్నారు. వారిలో నేనొకడిని.

నలభై ఒకటవ ఏట నా రక్తంలో చక్కెర అధికంగా ఉన్నట్లు తేలింది. వయస్సును బట్టి వైద్యులు దానిని రెండవ రకం మధుమేహంగా భావించి మాత్రలిచ్చారు. తొలి సంవత్సరం అవి పనిచేశాయి. ఆపైన ఎంత పథ్యం చేసినా, ఎంత దూరం నడిచినా చక్కెర దిగలేదు. ఒళ్లు మాత్రం చిక్కిపోసాగింది. "చాటుగా ఏం తింటున్నావేమిటి?" అని బంధువులు నవ్వుతూనే అడిగేవారు. ఆ నవ్వు ముల్లులా గుచ్చుకునేది.

రెండేళ్లు గడిచాక మరొక వైద్యుడు రెండు రక్తపరీక్షలు వ్రాసిచ్చారు. ఒకటి గాడ్ ప్రతిరక్షకాల పరీక్ష. శరీరం తన క్లోమగ్రంథిపై తానే దాడి చేస్తున్నదా అన్నది అది సూచిస్తుంది. రెండవది సి-పెప్టైడ్ పరీక్ష. ఆ గ్రంథి ఇంకా ఎంత ఇన్సులిన్ తయారుచేయగలుగుతున్నదో దీనివలన తెలుస్తుంది. నాకు వచ్చినది 'లాడా' అని అప్పుడు తేలింది. సాధారణంగా ముప్ఫై ఏళ్లు దాటినవారిలో నిదానంగా ముదిరే ఈ మధుమేహానికి ఆ పేరు 1993లో వచ్చింది.

ఇన్సులిన్ అన్న మాటకు మూలం లాటిన్‌లో ద్వీపమని అర్థమిచ్చే పదం. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ విద్యార్థి క్లోమంలో దీవులవలె చెదరి ఉన్న కణసమూహాలను వర్ణించాడు. ఇన్సులిన్ ఊరేది వాటిలోనే. లాడాలో ఆ కణాలు కొద్దికొద్దిగా నశిస్తాయి. మిగిలినవి ఉన్నంతకాలం మాత్రలు పనిచేస్తున్నట్లే కనిపిస్తాయి. ఆలస్యానికి కారణం ఇదే.

"సూది దాకా వచ్చింది" అంటే మన ఇళ్లలో ఆశ వదులుకున్నట్లే లెక్క. చరిత్ర చెప్పేది వేరు. ఇన్సులిన్ రాకమునుపు ఇటువంటి రోగులను దాదాపు పస్తులుంచడమే చికిత్స. 1922 జనవరిలో టొరొంటోలో పధ్నాలుగేళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు తొలి సూది వేశారు. మరణం అంచున ఉన్న ఆ బాలుడు తేరుకున్నాడు. శరీరంలో లేనిదానిని బయటినుంచి సమకూర్చడమే ఈ వైద్యం.

అలవాటు పడడానికి కొన్ని నెలలు పట్టింది. సూది నొప్పి స్వల్పమే, లెక్కలే కష్టం. పొట్టమీద, తొడమీద చోటు మారుస్తూ వేసుకోవాలి. మన దేశంలో 40 యూనిట్ల సీసాలు, 100 యూనిట్ల మందు రెండూ దొరుకుతాయి. 100 రకాన్ని 40 సిరంజితో తీస్తే మోతాదు రెండున్నర రెట్లవుతుంది. వాడకం మొదలుపెట్టని మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, గడ్డకట్టనివ్వరాదు. ఫ్రిజ్ లేనిచోట తడిపిన మట్టికుండ కొంత ఆదుకుంటుంది.

చక్కెర 70 మిల్లీగ్రాములకన్న దిగితే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. వెంటనే మూడు టీ చెంచాల చక్కెర తిని, పదిహేను నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించుకోవాలి. అందుకే ఇప్పుడు నా జేబులో ఎప్పుడూ ఒక చక్కెర పొట్లం ఉంటుంది. చక్కెర రోగి జేబులో చక్కెరేమిటని ఆశ్చర్యపోయినవారికి ఆ పొట్లం ప్రాణం నిలిపేదని చెబుతుంటాను.

మీ ఇంట సన్నగా ఉన్నవారెవరికైనా ముప్ఫై దాటాక మధుమేహం వచ్చి, కొద్దికాలానికే మాత్రలు పట్టు తప్పుతుంటే, ఏం తిన్నావని వారిని నిలదీయకండి. ఆ రెండు పరీక్షల సంగతి వైద్యుని అడగండి. సమయానికి అందిన ఇన్సులిన్ ప్రాణాపాయాన్ని తప్పిస్తుంది. చేయని తప్పుకు తలవంచుకునే బాధనూ తీరుస్తుంది.