రెండో గడి

ఈ సంక్రాంతికి కోనసీమలో ఒక ఊరి టోర్నమెంటు గట్టు మీద నిలబడి చూశాను. సార్వా కోసేసి, దాళ్వా నాట్లు ఇంకా పడని చేను. మధ్యలో పిచ్ మటుకు చదును చేశారు. మిగతాదంతా మోళ్ళూ, నెర్రెలూనే. టెన్నిస్ బంతి నేలకి తగిలాక ఎటు లేస్తుందో కొట్టినవాడికే తెలియదు. ఆ చేలో పాయింట్ దగ్గర పదిహేనేళ్ళ కుర్రాడొకడు, కాళ్ళకి చెప్పుల్లేకుండా నిలబడ్డాడు. బ్యాటరు బ్యాటు ఎత్తుతుండగానే అతని మడమలు నేల విడిచేవి. ఒక బంతి సర్రున వచ్చి, మోడుకి తగిలి భుజం ఎత్తుకి లేచింది. తల కదల్లేదు, చేతులు రెండూ పైకెళ్ళాయి, అంతే. బంతి చేతిలో పడటం, చేతిలోంచి వెళ్ళటం ఒకే పనిలా జరిగిపోయాయి. అవతలి ఎండులో వికెట్టు పడింది.

నా పక్కనున్న పెద్దాయన కండువా దులుపుకుంటూ, “ఆడి ఏపుకి కొడితే ఇంక పరుగు మర్చిపోవాలండి,” అన్నాడు.

ఆ కుర్రాడు పదకొండో నంబరులో దిగి మూడు బంతులాడి ఔటయ్యాడు. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కప్పు ఆరు సిక్సర్లు కొట్టినవాడికి వెళ్ళింది. ఫోటోలు తీశారు, చీకటి పడింది, అందరం ఇళ్ళకి వచ్చేశాం. వాడి పేరు నేను అడగలేదు. ఈ వారం నేను రాస్తున్నదంతా ఆ అడగకపోవడం గురించే.

వాడు చేసిన పనికి బేస్‌బాల్‌లో ఒక స్థానమే ఉంది, షార్ట్‌స్టాప్. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడతాడు. కుడిచేతి బ్యాటరు గట్టిగా కొట్టిన నేలబారు బంతుల్లో ఎక్కువ భాగం అటే వెళ్తాయి. కొట్టినవాడు మొదటి బేస్‌కి పరిగెత్తాల్సింది 90 అడుగులు, మామూలు కుడిచేతివాడికి పట్టేది నాలుగు సెకన్ల పైచిలుకు. ఆ నాలుగు సెకన్లలోనే షార్ట్‌స్టాప్ బంతి దగ్గరికి చేరాలి, అందుకోవాలి, మైదానం అడ్డంగా మొదటి బేస్‌కి విసరాలి. ఒక్క అడుగు ఆలస్యమైతే పని లేదు. అందుకే కాలేజీ షార్ట్‌స్టాప్‌ను చూడటానికి వచ్చే స్కౌట్, అంటే జట్టు కోసం కొత్త కుర్రాళ్ళని వెతికే మనిషి, ఆట మొదలయ్యేదాకా ఆగడు. ముందే వచ్చి ప్రాక్టీసు చూస్తాడు. బంతి బ్యాటుకి తగలకముందు కాళ్ళు ఏం చేస్తున్నాయి, బంతి చేతిలో పడ్డాక విసరడానికి ఎంతసేపు పట్టింది, ఒక బంతి వదిలేశాక తర్వాతి బంతికి వీడి ముఖం ఎలా ఉంది, ఇవీ అతను చూసేవి. స్కోరు చివరికి చూస్తాడు.

కడియం నర్సరీల్లో ఎప్పుడైనా గమనించారా? కొత్తగా మొక్కలు కొనేవాడు పూత చూసి బేరమాడతాడు. ఆ పనిలో పండినవాడు పువ్వు వైపు చూడనే చూడడు. కవరు ఎత్తి అడుగున వేరు చూస్తాడు, మొదలు వేలితో నొక్కుతాడు. రెండేళ్ళ తర్వాత ఆ మొక్క ఎలా ఉంటుందో వాడికి అప్పుడే తెలిసిపోతుంది.

అమెరికా స్కౌట్ల నోటుబుక్కులో ఈ చూపుకి ఒక పద్ధతి ఉంది. కొట్టడం, బలం, పరుగు, విసురు, ఫీల్డింగు అని అయిదు పద్దులు. ఒక్కోదానికీ 20 నుంచి 80 దాకా అంకెలు. 50 అంటే అన్నిటికంటే పైదైన మేజర్ లీగ్‌లో మామూలు ఆటగాడి స్థాయి. అసలు సంగతి అంకెల్లో లేదు. ప్రతి పద్దు ఎదురుగానూ రెండు గడులుంటాయి. ఒకటి ఈ రోజు ఎలా ఉన్నాడన్నది, రెండోది ముందుముందు ఎలా అవుతాడన్నది. ఈ రోజు 30 ఇచ్చిన కుర్రాడికే రెండో గడిలో 55 రాసి, కింద సంతకం పెడతాడు స్కౌట్.

ఆ రెండో గడి ఏం చేయగలదో మనకి బాగా దగ్గరి ఉదాహరణ ఒకటుంది. అర్జున్ నిమ్మల. తల్లిదండ్రులు విజయవాడ నుంచి వెళ్ళి స్థిరపడినవారు, అతను పుట్టింది ఫ్లోరిడాలోని టాంపాలో. హైస్కూల్లో షార్ట్‌స్టాప్. 2023 జులైలో సియాటిల్‌లో జరిగిన, జట్లు వంతులవారీగా కొత్తవాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో టొరంటో బ్లూ జేస్ అతణ్ణి మొదటి రౌండులోనే, 20వ స్థానంలో ఎంచుకుంది. అప్పటికి అతనికి 17 ఏళ్ళు. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో చేరతానని మాటిచ్చి ఉన్నాడు. 30 లక్షల డాలర్ల ఒప్పందంతో కాలేజీ మాట పక్కన పెట్టి నేరుగా ఆటలోకి వెళ్ళాడు.

అదే డ్రాఫ్ట్‌లో అతనికంటే ముందు నలుగురు కాలేజీ షార్ట్‌స్టాప్‌లు వెళ్ళారు. వాళ్ళలో మేరీల్యాండ్ యూనివర్సిటీ మాట్ షా 13వ స్థానంలో, మిసిసిపీ యూనివర్సిటీ జేకబ్ గొంజాలెజ్ 15వ స్థానంలో. కాలేజీ కుర్రాడంటే మూడేళ్ళ ఆట కళ్ళముందు ఉంటుంది, మొదటి గడి నిండుగా ఉంటుంది. మాట్ షా విషయంలో స్కౌట్లకు ఒక అనుమానం ఉండేది, షార్ట్‌స్టాప్‌కి కావలసినంత విసురు చేతిలో లేదేమోనని. కొట్టే బ్యాటుని నమ్మి చికాగో కబ్స్ తీసుకుంది. 2025లో అతను మేజర్ లీగ్‌లో దిగాడు, మూడో బేస్ దగ్గర. అనుమానమూ నిజమే, నమ్మకమూ నిజమే. రెండూ ముందే రాసిపెట్టి ఉన్నాయి కాబట్టి ఆ కుర్రాడికి ఎక్కడ చోటివ్వాలో వాళ్ళకి తెలిసింది.

పదిహేడేళ్ళవాడి సంగతి వేరు. మొదటి గడిలో పెద్దగా ఏమీ ఉండదు. 2024లో అర్జున్ బ్లూ జేస్ కింది జట్టు డునేడిన్‌లో తడబడ్డాడు. జట్టు అతణ్ణి ఇంటికి పంపలేదు, తిట్టలేదు. కొన్ని వారాలు మ్యాచ్‌ల నుంచి తప్పించి బ్యాటింగు మీద పని చేయించింది. తిరిగొచ్చాక బ్యాటు మాట్లాడింది. ఆ ఏడాది ముగిసేసరికి 17 హోమ్ రన్లు. రెండో గడిలో రాసిన అంకె మీద నమ్మకం లేకపోతే ఆ ఓపిక ఎక్కడినుంచి వస్తుంది?

ఇప్పుడు మన గట్టు మీదికి వద్దాం. మన దగ్గర సెలక్షన్లంటే ఒక రోజు. పొద్దున్నే బస్సు దిగిన కుర్రాళ్ళు వందల్లో ఉంటారు, ఒక్కొక్కడికి ఆరు బంతులు, ఎండలో వరస. ఆ ఆరు బంతుల్లో ఆడినవాడు లోపలికి, ఆడనివాడు బస్టాండుకి. స్కౌట్ ఒకే కుర్రాణ్ణి సొంత ఊళ్ళో చూస్తాడు, పక్క ఊళ్ళో చూస్తాడు, ఓడిన రోజు పనిగట్టుకుని వెళ్ళి చూస్తాడు. ఆ పైన ఇంకో పెద్ద స్కౌట్ వచ్చి, మొదటివాడు రాసింది నిజమేనా అని మళ్ళీ చూస్తాడు. మన దగ్గర ఒక్కసారి చూడటమే గగనం.

చేతికొచ్చే కాగితం సర్టిఫికెట్టు. దాన్ని నేను తక్కువ చేయను. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చి ఇల్లు నిలబడ్డ కుటుంబాలు నాకు తెలుసు. ఆంధ్రప్రదేశ్ 2024 క్రీడా విధానంలో ఆ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచడం మంచి పనే. కానీ సర్టిఫికెట్టు చెప్పేది గెలిచినవాడి గురించి, అయిపోయిన ఆట గురించి. అది మొదటి గడి. మన క్రీడా కాగితాల్లో రెండో గడి అచ్చే వేయలేదు.

వేయకపోయినా నింపినవాళ్ళు ఉన్నారు. అమలాపురంలో రంకిరెడ్డి కాశీ విశ్వనాథం గారు వ్యాయామ ఉపాధ్యాయులు, తానూ బ్యాడ్మింటన్ ఆడినవారు. కొడుకు సాత్విక్ సాయిరాజ్‌ చేతిలో ఏముందో ఇంట్లోనే చూశారు. 2014లో సాత్విక్ హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీలో చేరాడు. అక్కడ మలేషియా కోచ్ టాన్ కిమ్ హెర్ అతణ్ణీ ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టినీ జోడీ కట్టారు. ఇద్దరూ పొడుగువాళ్ళు, ఇద్దరూ వెనక నుంచి బాదేవాళ్ళు. ముందు నెట్ దగ్గర ఎవరాడతారని ఎవరికైనా అనుమానం రావలసిందే. ఆ రోజు కోర్టు మీద లేని జోడీని టాన్ చూశారు. 2022లో థామస్ కప్, 2023లో ఆసియా క్రీడల స్వర్ణం, అదే ఏడాది ప్రపంచ మొదటి ర్యాంకు వచ్చాయి. గంటకి 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్ పుస్తకంలో సాత్విక్ పేరుంది. కాశీ విశ్వనాథం గారు 2025 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ వార్త చదివిన రోజు, ఒక తండ్రి పోయాడనే కాదు, ఒక మంచి చూపు పోయిందనిపించింది నాకు.

తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు కాని పిల్లల మాటేమిటి? కాకినాడ మీడియం పేసర్ పెన్మెత్స సత్యనారాయణ రాజును 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన ఐపీఎల్ వేలంలో ముంబై ఇండియన్స్ 30 లక్షలకు తీసుకుంది. 2025 మార్చి 23న చెపాక్‌లో చెన్నై మీద దిగాడు. టీవీ ముందు కూర్చుని పొంగిపోయాను. అప్పటికి అతనికి 25 ఏళ్ళు. అదే మ్యాచ్‌లో అదే జట్టుకి దిగిన విఘ్నేశ్ పుతూర్ కేరళ సీనియర్ జట్టుకు అప్పటికి ఒక్క మ్యాచ్ ఆడినవాడు కాదు. లీగ్ ఆటలో స్కౌట్ల కంటపడ్డాడు, మొదటి మ్యాచ్‌లోనే మూడు వికెట్లు తీశాడు. గట్టు మీద ఎవరో కూర్చున్నారు కాబట్టి.

స్కౌట్లు పొరబడరా అంటే, పొరబడతారు. 2009 డ్రాఫ్ట్‌లో, తర్వాత మేటి ఆటగాడైన మైక్ ట్రౌట్‌లాంటివాడి పేరు 25వ స్థానం దాకా పిలవలేదు. కానీ ఎవరు ఏ రోజు ఏం చూసి ఏం రాశారో కాగితం మీద ఉంటుంది. తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కోవచ్చు. మన కోనసీమ కుర్రాడి విషయంలో వెతకడానికి కాగితమే లేదు.

నేను అడిగేది స్టేడియం కాదు. మండలానికొక మనిషి. రిటైరైన పీఈటీ మాస్టార్లున్నారు, జిల్లా స్థాయిలో ఆడి మానేసినవాళ్ళు, ఇప్పుడు మిల్లుల్లోనో బ్యాంకుల్లోనో పనిచేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి నెలకి ఇంత అని జీతం, బస్సు చార్జీలు, ఒక స్టాప్‌వాచ్, ఒక పుస్తకం ఇవ్వాలి. ఎంపిక చేసే అధికారం మటుకు ఇవ్వకూడదు. అధికారం ఉన్నచోటికి సిఫారసులు వస్తాయి. వాళ్ళ పని చూడటం, రాయడం, మళ్ళీ వెళ్ళి చూడటం. బడిలో పరుగు పందెం, చేలో క్రికెట్టు, కబడ్డీ బరి, ఆడపిల్లల ఖోఖో, ఏదైనా సరే.

పోయిన ఆదివారం రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకి పొద్దున ఆరింటికి వెళ్ళాను, రూళ్ళ నోటుబుక్కు ఒకటి కొనుక్కుని. పేజీకి మధ్యలో నిలువుగా గీత గీశాను. రెండు గంటల్లో నాలుగు పేర్లు అడిగి రాసుకున్నాను. ఒక అమ్మాయి ట్రాకు పక్కన ఒంటరిగా లాంగ్ జంప్ దూకుతోంది. మొదటి గడిలో, “ఇసక దాకా పరుగు బాగుంది, పలక మీద అడుగు తప్పుతోంది,” అని రాశాను. రెండో గడిలో ఇంకా ఏమీ రాయలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానని చెప్పాను. “ఆరున్నరకి రండి సార్, అప్పటికి వేడెక్కుతాను,” అంది.