హమీదా బానుని ఓడించింది ఎవరు?

2024 మే 4న గూగుల్ సంస్థ తన పేజీ మీద హమీదా బాను బొమ్మ వేసింది. మనలో చాలామంది ఆ పేరు వినడం అదే మొదటిసారి. ఆవిడ 1986లోనే చనిపోయింది. కోడి రామ్మూర్తినాయుడు బలం గురించి కథలు కథలుగా చెప్పుకునే మనకి, ఈ దేశంలో మగవాళ్లతో కుస్తీ పట్టి గెలిచిన ఒక స్త్రీ ఉండేదని ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదన్నదే నా ప్రశ్న.

హమీదాది ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్. ఆడపిల్ల గోదాలోకి దిగడమేమిటన్న ఊళ్లో ఇమడలేక అలీగఢ్ వెళ్లి, సలాం పహిల్వాన్ అనే వస్తాదు దగ్గర కుస్తీ నేర్చుకుంది. ఏ సంఘమూ, ఏ ప్రభుత్వమూ ఆవిడ వెనుక లేవు. టిక్కెట్టు కొని వచ్చే జనమే ఆవిడకు ఆధారం. 1954 ఫిబ్రవరిలో, తనను ఓడించినవాణ్ణి పెళ్లి చేసుకుంటానని సవాలు విసిరింది. అప్పటికే పటియాలా మల్లుణ్ణి, కలకత్తా మల్లుణ్ణి ఓడించింది. ఆ మే నెలలో బరోడాలో బాబా పహిల్వాన్‌ని 1 నిమిషం 34 సెకన్లలో పడగొట్టింది.

ఈ సవాలు గురించి చదివి చాలామంది నవ్వుకుంటారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మగవాళ్ల పోటీలో పందెం డబ్బో, వెండి గదో, బిరుదో ఉంటుంది. ఒక స్త్రీ కుస్తీకి జనాన్ని రప్పించాలంటే తనను తానే పందెంగా పెట్టుకోవాల్సి వచ్చింది. అయితే ఇంకోవైపు నుంచి చూడండి. తన పట్టు మీద అంత నమ్మకమున్న మనిషి ఆ సవాలు చేసిందంటే, నాకిప్పట్లో పెళ్లి అక్కర్లేదని ఊరంతా వినేలా చెప్పినట్టే కదా!

ఆనాటి పత్రికలు ఆవిడ గురించి రాయకపోలేదు. అయిదడుగుల మూడంగుళాల ఎత్తనీ, 108 కిలోల బరువనీ, రోజుకి అయిదున్నర లీటర్ల పైగా పాలు, కిలో దాకా మాంసం, ఒక కోడి, ఆరు గుడ్లు, రెండు పళ్లేల బిర్యానీ తింటుందనీ రాశాయి. తిండి లెక్కలన్నీ ఉన్నాయి. గేటు వసూళ్లలో ఆవిడ చేతికి ఎంత ముట్టేదో మాత్రం నేను చదివినంతలో ఎక్కడా కనపడలేదు. వింత జంతువుని చూసినట్టు చూశారే గాని, ఒళ్లొంచి పని చేసి బతుకుతున్న మనిషిగా చూడలేదు.

గెలిచినప్పుడు ఏం జరిగింది? కొల్హాపూర్‌లో ఒక మగ మల్లుణ్ణి ఓడించినందుకు జనం రాళ్లు రువ్వారు. పోలీసులు అడ్డుపడాల్సి వచ్చింది. పూనాలో స్థానిక కుస్తీ సంఘం అభ్యంతరం చెప్పి పోటీనే ఆపించింది. హమీదా అప్పటి బొంబాయి ముఖ్యమంత్రి మొరార్జీ దేశాయ్‌కి ఫిర్యాదు చేసుకుంది. ఆడది అన్న కారణంతో ఆపలేదు, నిర్వాహకులు ఆవిడ మీదికి ఉత్తుత్తి మల్లులను దింపుతున్నారని ఫిర్యాదులొచ్చాయి, అందుకే ఆపామని జవాబొచ్చింది. టిక్కెట్టు కుస్తీల మీద అనుమానాలు మగవాళ్ల పోటీలకూ ఉండేవి. కానీ ఆ కాలంలోనే పేరు తెచ్చుకున్న దారాసింగ్ సినిమా నటుడయ్యాడు, 2003లో రాజ్యసభకు వెళ్లాడు. ఆయన ఎదుగుదలను నేను తప్పుపట్టడం లేదు. అదే వృత్తిలో ఉన్న స్త్రీకి ఆ దారులు ఎందుకు మూసుకుపోయాయని అడుగుతున్నాను.

ఇంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. 1954లోనే బొంబాయిలో వెరా చిస్టిలిన్ అనే రష్యన్ మల్లయోధురాలిని నిమిషంలోపే ఓడించి, ఇక యూరప్ వెళ్లి పోటీ చేస్తానని హమీదా ప్రకటించింది. అది వస్తాదుకి నచ్చలేదు. వెళ్లకుండా ఆపడానికి ఆయన కొట్టి చేతులు విరగ్గొట్టాడని ఆవిడ మనవడు పత్రికల వాళ్లకు చెప్పాడు. సలాం ఆవిడ భర్తేనని ఆయన కూతురు అంటే, కాదని మనవడు అన్నాడు. భర్తయినా గురువైనా, ఆ బలం తన సొత్తనుకున్నాడు. అది తన చెయ్యి దాటిపోతుందనుకున్న రోజున విరగ్గొట్టాడు. ఆ తర్వాత హమీదా కల్యాణ్‌లో పాలు అమ్మి, ఇళ్లు అద్దెకిచ్చి, చేతిలో డబ్బాడనప్పుడు రోడ్డు పక్కన చిరుతిళ్లు అమ్మి బతికింది.

ఇది పాత కథ అనుకోవడానికి వీల్లేదు. ఒలింపిక్స్‌లోకి స్త్రీల కుస్తీ 2004లో వచ్చింది. 2016లో సాక్షి మలిక్ కాంస్యం తెచ్చినప్పుడు దేశమంతా ఆడబిడ్డ అని మురిసింది. 2023 జనవరిలో ఆమె, వినేశ్ ఫోగట్ తదితరులు కుస్తీ సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలతో జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు. ఆయన ఆరోపణలను ఖండించారు. మే 28న పోలీసులు ఆ పిల్లలను రోడ్డు మీద ఈడ్చి తీసుకెళ్లారు. సమాఖ్య ఎన్నికల్లో ఆయన అనుయాయే గెలవడంతో డిసెంబరులో సాక్షి తన బూట్లు బల్ల మీద పెట్టి కుస్తీకి సెలవు చెప్పింది. హమీదాకు ఫిర్యాదు చేసుకునే చోటు లేదు. వీళ్లకు 2013 చట్టం ఉంది. అయినా చట్టం చెప్పిన ఫిర్యాదు కమిటీలు లేవంటూ పలు క్రీడా సంఘాలకు మానవ హక్కుల కమిషన్ 2023లో నోటీసులు ఇవ్వాల్సి వచ్చింది.

అందుకని ఆటను ఒక పనిగా, క్రీడాకారిణిని ఆ పని చేసే మనిషిగా గుర్తించమని మనం అడగాలి. ప్రతి సంఘంలోనూ బయటి సభ్యురాలితో పనిచేసే ఫిర్యాదు కమిటీ ఉండాలి. ఆడపిల్లల శిబిరాల్లో స్త్రీలు శిక్షకులుగా ఉండాలి. ఒప్పందం కాగితం మీద ఉండాలి. సంపాదన ఆమె ఖాతాలోనే పడాలి. గాయపడి ఆట మానేసిన వాళ్లకి పింఛను కావాలి.

మన ఊళ్లలో బలంగా ఉన్న పిల్లని ఇప్పటికీ మగరాయుడనే వెక్కిరిస్తారు. ఈసారి ఎవరైనా అలా అంటే ఆ పిల్లకి హమీదా బాను గురించి చెప్పండి. గెలుపుతో ఆపకుండా, చేతులు విరిచిన సంగతి కూడా చెప్పండి.